మా మంచం మీది సింహం

ఇంటి కప్పు కారకూడదని ఎవరన్నారు? కారని కప్పు కింద కాపురం చేసేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళు తలెత్తి పైకి చూడరు. చూడ్డానికి అక్కడ ఏముంటుంది కనుక?

మాకు పెళ్ళై ఇంకా ఏడాది తిరగలేదు. మా ఆయన ఎల్మర్ ఇక్కడి షికాగో ప్రపంచ ప్రదర్శనకు మండపాలు గీసే ఆఫీసులో పనిచేస్తాడు. సరస్సు ఒడ్డున తెల్లగా ధగధగలాడే ఆ భవనాలు పాలరాతివని మీరంతా నోరెళ్ళబెట్టి చూస్తున్నారు కదా, అవి ప్లాస్టర్‌లో నార కలిపి పోసిన అచ్చులు. ఒక్క వేసవి నిలబడితే చాలు. వెనక్కి వెళ్తే చెక్కలు, ఇనుప కమ్మీలు కనిపిస్తాయి. నేను ఓసారి వెళ్ళబోతే ఎల్మర్ చెయ్యి పట్టుకు ఆపాడు.

"అటెందుకు హటీ? ముందు నుంచి చూడాలి. దాని కోసమేగా ఇంతమందిమి చచ్చేట్టు గీసింది."

ఎంత గొప్ప సూత్రం! దాన్ని నేను వంటింట్లోనూ పాటిస్తున్నాను. మొన్న మా ఆడపడుచు వస్తే కేకుకు ఆమె కూర్చునే వైపు మాత్రమే క్రీము పూశాను. ఎల్మర్ చొక్కాలు ముందు భాగమే ఇస్త్రీ చేస్తున్నాను. కోటు విప్పనంత కాలం అతనంత దర్జాగా ఊళ్ళో ఇంకెవరూ ఉండరు.

ఇక మా కప్పు సంగతి. మా అద్దె గది సరిగ్గా మంచానికి పైన కారుతుంది. వానలు ముదిరేలోపు బాగుచేస్తానని ఎల్మర్ మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు కూడా. ఓ ఆదివారం మిగిలిపోయిన ప్లాస్టర్ తెచ్చి, చిల్లు చుట్టూ పూలదండ అల్లి, మధ్యలో సింహం తల అతికించాడు. జూలులో ప్రతి పాయా విడిగా కనిపిస్తుంది. నేను చప్పట్లు కొట్టాను, మెడ పట్టేసేదాకా చూశాను.

బుధవారం వాన పడింది. సింహం నోట్లోంచి సన్నటి ధార మొదలైంది.

ఇంటామె మిసెస్ క్రాలిక్ పైకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కప్పు చూడవయ్యా అంటే సింహాన్ని పెంచుతున్నావా? దీనికి మేతెవరు వెయ్యాలి?"

"ధార చూడండి, ఎంత నిటారుగా పడుతోందో," అన్నాడు ఎల్మర్.

"పడుతోంది నాయనా, పరుపు మీద!"

మర్నాడు ఆవిడే తన చెల్లెళ్ళిద్దర్నీ వెంటబెట్టుకొచ్చి సింహాన్ని గొప్పగా చూపించింది.

చెప్పండి, ఏ కోటీశ్వరుడి పడకగదిలో ఫౌంటెన్ ఉంది? మా ఇద్దరి మధ్యా ఇప్పుడు ఇత్తడి గిన్నె పడుకుంటుంది. దాని మీదుగా చేతులు పట్టుకుంటాం. మా చేతులు ఎప్పుడూ తడే. తుమ్ములు కూడా ఇద్దరికీ కలిసే వస్తాయి, అన్యోన్య దాంపత్యం అంటే అదే కదా!

కాబట్టి మహాశిల్పులారా, ముందు భాగాలే కట్టండి. కప్పుల గొడవ మీకెందుకు? వాటి లోపల ప్రదర్శనకు పెట్టిన మొక్కజొన్న కంకులు తుమ్మవు కదా.

నాకున్న చింతల్లా ఒక్కటే. ప్రదర్శన ఆకురాలే కాలంతో ముగుస్తుంది. మేం మాత్రం ఆ తర్వాత కూడా కలిసే ఉండాలనుకుంటున్నాం. మా సొంత ఇంటిని ఎల్మర్ తానే గీస్తానన్నాడు. నిన్న సాయంత్రం ఆ బొమ్మ నా ముందు పరిచాడు. ఎనిమిది స్తంభాలు, రెండు సింహాలు, బాకా ఊదే దేవత. కళ్ళు చెదిరిపోయాయి. కాగితం తిప్పి చూశాను. ఖాళీ.

పెన్సిల్ తీసుకుని ఆ ఖాళీలో ఒక కప్పు గీశాను. బాగా ఏటవాలుగా, గోడలు దాటి చూరు వాలేలా. దాని కింద ఒక పొయ్యి, ఒక మంచం.

ఎల్మర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"బాగానే ఉంది గానీ, దీన్ని ఎక్కడ నిలబడి చూడాలి?"

"నిలబడక్కర్లేదు," అన్నాను. "లోపల పడుకుని చూడాలి."