పదహారు స్విచ్చుల పడవ

రెండు వేల ఆరులో, భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డునున్న ఒక మత్స్యకారుల సంఘానికి చిన్న మోటారు పడవ మంజూరైంది. పడవలో ఒక లైటుంటే చాలని చేపలు పట్టేవాళ్లు అన్నారు. సంఘం అధ్యక్షుడు తుల్సీరాం వారి అభిప్రాయాన్ని సగౌరవంగా పక్కన పెట్టి, పదహారు స్విచ్చులు ఉండాలని తీర్మానించాడు. జన్మలో వల విసిరి ఎరగడు కనుక ఆయన నిష్పక్షపాతంగా ఆలోచించగలిగాడు.

వైరింగు పని ముక్తార్‌కు దక్కింది. జూలూరుపాడు నుంచి భద్రాచలం దాకా పెళ్లి పందిళ్లకు లైట్లు కట్టేది అతనే. బల్బులతో నెమలిని ఆడించగలనని అతనికి కాస్త గర్వం కూడా ఉంది. ఉన్న ఒక్క బ్యాటరీకే లైట్లు, ఫ్యాను, సైరను, మైకు, టేప్‌రికార్డరు తగిలించాడు. అధ్యక్షుడెవరో నీళ్లలోని చేపలకు కూడా తెలియాలని ఆయన ఫోటో చుట్టూ రంగు బల్బులు బిగించాడు.

అన్నీ ఒకేసారి వేసి చూడగానే ఫ్యూజు పోయింది. కొత్తది పెడితే అదీ పోయింది. తుల్సీరాంకు ఇందులో ప్రతిపక్షం హస్తం కనిపించింది.

"ఫ్యూజు పోవాలెననే పెడ్తమన్నా. లోడు ఎక్కువైతే అది కాలి మనల్ని కాపాడ్తది" అన్నాడు ముక్తార్.

"నేను స్విచ్ ఏస్తే ఎదురు తిరిగేది నా పడవల ఉండొద్దు భాయ్."

ముక్తార్‌కు భయమేసింది. కానీ ప్రారంభోత్సవంలో తనకూ ఒక శాలువా ఉందన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. సెంట్రింగ్ వాళ్లు కడ్డీలు కట్టే ఇనుప తీగను అధ్యక్షుడు స్వహస్తాలతో ఫ్యూజు స్థానంలో బిగించాడు. ఆయన భార్య మంగ్లి మాత్రం ఒడ్డు మీదికెల్లి చూస్తెనే మంచిగ కనబడ్తదని చెప్పి పడవ ఎక్కలేదు.

ప్రారంభోత్సవం రోజు పడవ మోకాలి లోతు నీళ్లలో నిలిచింది. ముఖ్య అతిథి ఎక్కాడు. తుల్సీరాం వరసగా పదహారు స్విచ్చులూ వేసి మైకందుకున్నాడు.

"గత కమిటీ ఫ్యూజులకు భయపడ్డది. మనం వాటిని శాశ్వతంగా నిర్మూలించినం."

చప్పట్ల మధ్య స్విచ్చుబోర్డు నుంచి పొగ లేచింది. అది సాంబ్రాణి అనుకుని ముందు వరసవాళ్లు చేతులు జోడించారు. వైరు మీది ప్లాస్టిక్ కరిగి కారుతుంటే ముఖ్య అతిథి ప్రొటోకాల్ ప్రకారం అందరికంటే ముందు దూకాడు. ఆయన వెనక హోదాల వారీగా మిగతావారు దూకారు. ముక్తార్ ఒక్కడే శాలువా చేతికి చుట్టుకుని, బ్యాటరీ వైరు పట్టి లాగేశాడు. శాలువాతో పాటు రెండు వేళ్లు కాలాయి. పడవ దక్కింది.

విచారణ సంఘం విషయాన్ని లోతుగా పరిశీలించింది. ముఖ్య అతిథి క్షేమంగా ఉన్నందున భద్రతా ఏర్పాట్లు సంతృప్తికరమని తేల్చింది. ప్రసంగం మధ్యలో మైకు ఆపినందుకు ముక్తార్‌ను మందలించింది.

అయితే అతని పేరు ఊరూరా పాకింది. పడవలున్న సంఘాల అధ్యక్షులందరూ ఇంటికొచ్చి, తమకు ఇరవై స్విచ్చులు కావాలన్నారు. ఫ్యూజు గురించి ఒక్కరూ అడగలేదు. కట్టు కట్టిన వేళ్లను చూసుకుంటూ ముక్తార్ బాగా ఆలోచించాడు. ఆ తర్వాత ప్రతి పడవలోనూ ఒక లైటుకు, ఒక సైరనుకు సరైన ఫ్యూజు పెట్టి నిజమైన స్విచ్చులు బిగించాడు. మిగతా స్విచ్చులకు వెనక వైరే ఉండదు. అధ్యక్షులు వాటిని టపటపా నొక్కుతారు, గంభీరంగా తలాడిస్తారు, దిగిపోతారు. ఈనాటి వరకు ఒక్క ఫిర్యాదూ లేదు.

అధ్యక్షులను చూసి నవ్వుకోవలసిన పనేమీ లేదు. ఐదేళ్లకోసారి మనమూ ఎండలో వరసన నిలబడి ఒక మీట నొక్కి వస్తున్నాం. దాని పక్కన ఎర్ర దీపం తప్ప ఇంకేమీ వెలగలేదేమని ఎన్నడైనా అడిగామా?