అగ్నిశూలధారి ముఖం

నిరుడు నంద్యాల గ్రంథాలయంలో జరిగిన రెండవ సంపుటి ఆవిష్కరణ నాటి ఛాయాచిత్రంలో ఉన్నవారు, చూసేవారి ఎడమ నుండి వరుసగా: విశ్రాంత ప్రధానోపాధ్యాయులు శ్రీ స్టీఫెన్, రచయిత్రి శ్రీమతి లీలావతి, ఆమె భర్త శ్రీ నారాయణ. పాఠకులు ఈ వరుసను గుర్తుంచుకోవాలి. తరువాతి అనర్థానికంతటికీ మూలం ఇదే.

లీలావతి గారి కథామాలలో అలసిపోయిన దేవతలు తమ ఏడు ఆయుధాలను మనుషులకు అప్పగిస్తారు. వాటిలో శ్రేష్ఠమైనది అగ్నిశూలం. అసూయాపరుడు తాకితే చేయి కాలుతుంది. ఆ కథంతా చెప్పేది దేవలోకపు వాకిట కూర్చుని, తాళాన్ని మూడుసార్లు లాగి చూసుకునే బట్టతల కావలివాడు. ఆ అలవాటూ ఆ తలా ఎవరివో నారాయణ గారికి తెలుసు, ఓర్చుకున్నారు. మూడవ సంపుటి ప్రూఫులు దిద్దుతూ నూట పన్నెండవ పుట వద్ద మాత్రం ఓర్చుకోలేకపోయారు. శూలధారిది నిటారైన నడక, ఒత్తయిన జుట్టు, కంచు కంఠం. ఆయన ఎరిగినంతలో ఈ మూడూ గలవారు చర్చిలో పాటలు పాడే స్టీఫెన్ ఒక్కరే.

మరునాటి ఉదయం పాలకని బయలుదేరిన నారాయణ గారు గిన్నెతో సహా, రాతి శిల్పాలకు పేరుబడ్డ ఆళ్లగడ్డ బస్సెక్కారు. శూలధారి ముఖాన్ని రాతిలో స్థిరపరిస్తే ఇక వాదం ఉండదని ఆయన ఆలోచన.

"ముఖం ఎట్ల ఉండాల సార్?" అని అడిగాడు శిల్పి సంజీవయ్య.

తన ముఖమే చెక్కమని నోటితో చెప్పుకోవడం మర్యాద కాదు కనుక నారాయణ గారు జేబులోంచి ఆ ఛాయాచిత్రాన్ని తీసి అందించారు. "అమ్మకు కుడిపక్కనుండే మనిషి. జుట్టు మాత్రం ఒత్తుగా పెట్టప్పా."

వారం తరువాత సంజీవయ్య ఫోన్ చేశాడు. "జుట్టు ఫోటోలోనే ఒత్తుగా ఉండాది సార్. నవ్వు గూడా శానా బాగుంది. అట్నే చెక్కుతాండా."

అరవై తొమ్మిదేళ్లలో తన నవ్వును మెచ్చినవారు లేరు. నారాయణ గారు కాదనలేదు.

విగ్రహావిష్కరణ సభ మే నెలలో అదే గ్రంథాలయం ఆవరణలో జరిగింది. ఆళ్లగడ్డ నుండి టాప్ లేని ట్రాలీలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో మూడడుగుల నల్లరాతి విగ్రహం వచ్చింది. దాని మీది గుడ్డను స్టీఫెన్ చేతనే తీయించాలని నారాయణ గారు పట్టుబట్టారు. స్టీఫెన్ తీశారు. శూలం పట్టుకుని, పండ్లు కనపడేలా నవ్వుతూ, రాతిలో మరొక స్టీఫెన్ నిలబడి ఉన్నారు.

"ఏందప్పా ఇది?" అన్నారు నారాయణ గారు, సంజీవయ్యను పట్టుకుని.

"అమ్మ కుడిపక్కాయనే గదా సార్. బొమ్మకు కుడి అంటే బొమ్మ కుడే. మా నాయన కాలం నుంచీ అంతే. చూసేటోల్ల కుడితో మాకేం పని?"

ఇంతలో ముందు వరుసలోని కొండమ్మ విగ్రహానికి బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణెతో లేచింది. "కొండమ్మా, ఆగు," అన్నారు స్టీఫెన్. "నేను సంఘ పెద్దను. రేపు పాస్టర్‌కు ఏం చెప్పాల?"

విగ్రహాన్ని గోడవైపు తిప్పబోయి నారాయణ గారు కుడిచేత్తో శూలాన్ని పట్టుకున్నారు. వెంటనే వదిలేసి, అరచేతిని ఊదుకున్నారు. కథామాల నియమం తెలిసిన నలభైమంది పాఠకులు అది చూశారు. దానిని రాసినామె కూడా చూశారు.

"ఎవురి మీద అసూయ?" అని మెల్లగా అడిగారు లీలావతి గారు.

"నువ్వు రాసింది ఆయన్నే గదా. ఆ నడక, ఆ జుట్టు, ఆ గొంతు."

"రుద్రవరంలో నన్ను చూసేదానికి వచ్చిన దినం అవన్నీ మీకు లేకుండెనా?"

"మరి ఆ కావలివాడు?"

"ఆయప్ప గూడా మీరే. యుద్ధమయినాక శూలం దేవుళ్లకు తిరిగిచ్చేసి వాకిట్లో కూర్చుంటాడు. ఆఖరి అధ్యాయంలో ఉండాది. నూట పన్నెండు కాడ పెన్సిల్ పెట్టి లేచిపోతిరి."

విగ్రహాన్ని ఇంటికి రానిచ్చేది లేదని స్టీఫెన్ భార్య లూదియా అక్కడే తేల్చి చెప్పారు. గ్రంథాలయంలో చోటు లేదు. ప్రస్తుతం అది నారాయణ గారి గేటు పక్కన, ఆయన తాళం లాగి చూసుకునే చోట, నవ్వుతూ నిలబడి ఉంది.

మిత్రుని ఇంత ఘనంగా గౌరవించిన శ్రీ నారాయణ గారి నిస్స్వార్థ ఔదార్యానికి కృతజ్ఞతలు తెలుపుతూ ఆనాటి సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతిపాదించినవారు శ్రీ స్టీఫెన్. నారాయణ గారు లేచి నిలబడి, ఎడమచేత్తో నమస్కరించారు.