యోబు నిద్రించెను

ఆ మంగళవారం పొద్దున ప్రభుదాసు అనుకున్న పని ఒక్కటే, కొడుకు వచ్చేలోగా నులక మంచం బిగించడం. ఆళ్లగడ్డ మిషన్ బడిలో ఆయన చిన్న తరగతులకు పాఠాలు చెబుతాడు. వేసవి సెలవులిచ్చి వారమైంది. కొడుకు యోబు బొంబాయిలో దంతవైద్యం చదువుతున్నాడు. సోమవారం అక్కడ రైలెక్కితే బుధవారం పొద్దున నంద్యాలలో దిగుతాడు. బస్సులో వెళ్లి పిలుచుకురావాలి.

నులక లాగుతున్నంతసేపూ ఆయన మనసు మనసులో లేదు. మూడు నెలల కింద కాలేజీ ప్రిన్సిపాలు ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాడు. పాస్టరు గారు చదివి అర్థం చెప్పారు. "మీ కుమారుడు పగటిపూట పాఠాలు జరుగుతుండగా నిద్రపోతున్నాడు. తరగతిలో ముప్పై మంది ఉంటే ఇరవై మంది నిద్రపోతారు గాని, గురక పెట్టేది మీవాడొక్కడే" అని దాని సారం. ఆ కుర్రవాణ్ణి బొంబాయి పంపడానికి సంఘమంతా ప్రార్థన చేసింది, మిషన్ దొరల కాళ్లావేళ్లా పడింది. ఇప్పుడు ఎవరికి మొహం చూపించాలి? సిగ్గుతో, కోపంతో ప్రభుదాసు ఒక కార్డు రాసి పారేశాడు: "అంత నిద్రే కావాలంటే ఒక్కసారే నిద్రపో. నాకు మొగం చూపియ్యొద్దు." దానికి యోబు జవాబు రాయలేదు. సెలవులకు వస్తున్నానని తల్లి చెన్నమ్మ పేర మాత్రం రెండు ముక్కలు రాశాడు.

మంచం సగం బిగించేసరికి తపాలా బంట్రోతు తంతి తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో తంతి అంటే చావు కబురే. పోస్టుమాస్టరు లక్ష్మీనరసింహం గారిది అహోబిలంలో పండితుల కుటుంబం. తంతి ఎవరిదైనా, ఊళ్లోవాళ్ల సౌకర్యం కోసం ఇంగ్లీషు ముక్కల కింద తెలుగు అర్థం స్వదస్తూరితో రాసి పంపడం ఆయన అలవాటు. మంచి తెలుగే రాసేవారు. ఈ తంతి కింద కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ఉంది:

"యోబు నిద్రించెను. గురువారము వచ్చును. పెట్టె మిక్కిలి బరువు. మనుష్యులను తీసికొని రావలెను."

ప్రభుదాసు రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవడానికి కళ్లు కనబడలేదు. ప్రభువునందు నిద్రించెను అని ఆయనే ఎన్ని సమాధుల మీద అక్షరాలు దిద్దలేదు!

"ఏందది?" అంటూ చెన్నమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"మనోడు నిద్రించినాడంట" అన్నాడు ప్రభుదాసు.

ఆమె చేతిలోని చేట అక్కడే పడిపోయింది.

గంటలో ఇల్లు జనంతో నిండింది. మిషన్ గుడి గంట మోగింది. ఆ గంట విని లక్ష్మీనరసింహం గారు కూడా వచ్చి, ఎవరు పోయారని అడిగి తెలుసుకుని నిర్ఘాంతపోయారు. ఆయన ఆ మాట రాసింది మామూలు నిద్ర అనుకునే. కాని క్రైస్తవుల భాషలో నిద్రకు ఇంకో అర్థం ఉందని పాస్టరు గారు చెప్పాక, తన అజ్ఞానానికి తనే తల వంచుకున్నారు. "నా చేత్తోనే రాసితిని గాని అంత ఘోరమని గ్రహింపలేకపోతిని" అని కళ్లు ఒత్తుకున్నారు.

గురువారం తెల్లవారగానే ప్రభుదాసు, పక్కింటి వడ్రంగి సుబ్బరాయుడు, సంఘంలోని మరో ముగ్గురు నంద్యాల బస్సెక్కారు. చెన్నమ్మ లేచే స్థితిలో లేదు. అందుకని ఇంటి దగ్గరే ఉంచారు. బొగ్గుతో నడిచే బస్సు ఆయాసపడుతూ పోతోంది. ప్రభుదాసు రెండు రోజులుగా మింగుతున్న మాట అప్పుడు బయటపడింది.

"నేనే సంపినా సుబ్బరాయుడన్నా. ఒక్కసారే నిద్రపోరా అని రాస్తి. నా మాట ఏనాడూ వినని నాకొడుకు, ఆ మాట విన్యాడు సూడు."

"అట్ల అనుకోవద్దప్పా" అన్నాడు సుబ్బరాయుడు. దారి పొడవునా పైతువాలుతో ముక్కు చీదుకుంటూ కూర్చున్నాడు.

నంద్యాల స్టేషనులో రైలుబండి ఆగింది. ఐదుగురూ నేరుగా వెనక సామాను పెట్టె దగ్గరకు పరుగెత్తారు. అక్కడ నిజంగానే ఒక నల్ల చెక్కపెట్టె ఉంది. దాని మీద తెల్ల రంగుతో కొడుకు పేరు, ఆళ్లగడ్డ అని ఊరి పేరు. నలుగురు పట్టినా కదలడం కష్టమైనంత బరువు. ప్లాట్‌ఫారం మీద దించి, తలపాగాలు తీసి, చుట్టూ నిలబడ్డారు.

"ఆరడుగుల మనిషప్పా. ఇంత పొట్టి పెట్టెలో ఎట్ల పట్టించినారో పాపాత్ములు!" అన్నాడు సుబ్బరాయుడు.

"తెరువన్నా. ఒక్కసారి నా బిడ్డ మొగం సూస్తా" అన్నాడు ప్రభుదాసు.

సుబ్బరాయుడు ఉలి పెట్టి మూత లేపాడు. పైనున్న దుప్పటి తొలగించాడు. ముప్పై రెండు పళ్లూ చక్కగా కనబడేలా నవ్వుతూ ఒక పుర్రె ఉంది.

తోడొచ్చినవాళ్లు నాలుగడుగులు వెనక్కు పోయారు. ప్రభుదాసు మాత్రం ఆ పుర్రెను రెండు చేతుల్లోకి తీసుకుని గుండెకు హత్తుకున్నాడు. "మూడు దినాల్లోనే ఇట్ల అయిపోతివా నాయనా! బొంబాయి ఎండకే ఇట్ల అయిపోతివా!" అని ఆయన వేసిన కేకకు స్టేషనంతా మూగింది.

అదే సమయానికి, బండి కదలబోతుండగా, మూడో తరగతి పెట్టెలో అడ్డంగా పడుకున్న పొడుగాటి మనిషిని గార్డు కర్రతో పొడిచి లేపి కిందికి తోశాడు. అతడు చెదిరిన జుట్టుతో, సగం మూసిన కళ్లతో తూలుతూ గుంపును చీల్చుకుని వచ్చాడు. తండ్రి చేతుల్లో ఉన్నదాన్ని చూశాడు.

"నాయనా, ఆ పుర్రె నాది" అన్నాడు యోబు.

ప్రభుదాసు కొడుకు వంక చూశాడు. పుర్రె వంక చూశాడు. మళ్లీ కొడుకు వంక చూసి నిట్టనిలువునా కూలబడ్డాడు.

నీళ్లు చల్లి కూర్చోబెట్టాక సంగతంతా తేలింది. సోమవారం యోబు బొంబాయి స్టేషనులో రైలు కోసం బెంచీ మీద కూర్చుని, పట్టపగలు నిద్రపోయి, కళ్ల ముందుకొచ్చిన రైలు పోగొట్టుకున్నాడు. సాగనంపడానికి ఆలస్యంగా వచ్చిన స్నేహితుడు, ఇంట్లో ఎదురుచూస్తారని, యోబు నిద్రపోయాడు, గురువారం వస్తాడు అని తంతి కొట్టాడు. పెట్టెలో ఉన్నవి పుస్తకాలు, సుద్దతో పోసిన పళ్ల అచ్చులు, చదువుకోవడానికి కాలేజీవాళ్లిచ్చిన పుర్రె.

"ఏం నిద్రరా నీకు?" అన్నాడు ప్రభుదాసు, కొడుకు చెంపలు, భుజాలు తడుముతూ.

"పొద్దున ఆరింటికే ఆస్పత్రి నాయనా. అన్నం తినీ తినకనే క్లాసు. కిటికీలు మూసి, చీకటి చేసి, గోడ మీద పళ్ల బొమ్మలు ఏస్తారు. చీకటి చేసినంక నిద్ర రాకుంటే ఏమొస్తాది?"

"నా కార్డు చూసి బాధపడినావా?"

యోబు తల గోక్కున్నాడు. "సగం చదివినా నాయనా. అంతలో నిద్రొచ్చింది."

ప్రభుదాసు ఏడ్చాడో నవ్వాడో చూసినవాళ్లకు తెలియలేదు. ఇంటి దగ్గర చెన్నమ్మ ఏమైపోతుందోనన్న భయంతో వెంటనే తంతి ఆఫీసుకు పోయి, గుమాస్తాతో చెప్పాడు: "యోబు లేచినాడు, సాయంత్రానికి వస్తాండాడు అని కొట్టండి సామీ, బేగా."

ఆళ్లగడ్డలో ఆ తంతి లక్ష్మీనరసింహం గారు అందుకున్నారు. ఒకసారి అర్థం తెలియక పొరపాటు పడ్డారు. ఈసారి ఎవరికీ ఏ సందేహమూ రాకూడదని నిర్ణయించుకున్నారు. కాగితం మీద "యోబు మరణము నుండి లేచెను" అని విశదంగా రాసి, బంట్రోతును కూడా నమ్మక స్వయంగా పట్టుకుపోయి, ఏడుస్తున్న జనం మధ్య నిలబడి చదివారు.

సాయంత్రం బస్సు ఆగేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంది. కొందరు కీర్తనలు పాడుతున్నారు. కొందరు దూరం నుంచే దండం పెడుతున్నారు. పొరుగూరి నుంచి ఎవరో రామమ్మ అనే ముసలామెను బండిలో తెచ్చి, ఏడేళ్లుగా కాళ్లు రావడంలేదు, ఒక్కసారి చెయ్యి పెట్టమని యోబును పట్టుకున్నారు.

"నేను పళ్లు మాత్రమే చూస్తానమ్మా" అన్నాడు యోబు భయపడుతూ. "అదీ ఇంకా సదువు కాలా."

చెన్నమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది. ఆ చెయ్యి వెచ్చగా ఉందో లేదో దారి పొడవునా నొక్కి చూసుకుంది.

మరునాడు మధ్యాహ్నం భోజనం చేసి యోబు వసారాలో ఒరిగాడు. రెప్పలు వాలాయో లేదో, చెంప మీద చెయ్యి పడింది.

"యోబూ! నాయనా!"

"ఏందమ్మా?"

"ఏం లేదు నాయనా. ఉండావా అని."

అది మొదలు. ఆమెకు వంట పని ఉంటే ప్రభుదాసు కూర్చునేవాడు. ఆయనకు పనుంటే సంఘపు ఆడవాళ్లు వంతులు వేసుకుని కూర్చునేవారు. ఆవలింత వస్తే చాలు, ఇద్దరు పరుగెత్తుకొచ్చేవారు. నెల తిరిగేసరికి యోబు కళ్లు చింతనిప్పులయ్యాయి. ఒళ్లు చిక్కింది. మూసిన కిటికీలు, గోడ మీద పళ్ల బొమ్మలు, అటూ ఇటూ తూగే ఇరవై తలకాయలు తలపుకొస్తే చాలు, అతనికి ప్రాణం లేచొచ్చేది. కాలేజీ తెరవడానికి ఇంకా పది రోజులుండగానే పెట్టె సర్దుకున్నాడు.

"ఇంత బేగా యాడికి పోతాండావ్ రా?" అంది తల్లి.

"క్లాసులకు పోవల్లమ్మా. ఒక్క క్లాసు గూడా తప్పకూడదు" అన్నాడు యోబు ఆరాటంగా.

ఆ ఆదివారం ప్రభుదాసు గుడిలో లేచి నిలబడి, తన కొడుక్కి చదువు మీద మెలకువ వచ్చిందని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పాడు.