డీన్ లేచి నిలబడింది

తార్నాక వాసులకు శుభవార్త. మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య, ఈమధ్యే ఒక బోర్డు వెలిసింది: 'కొమురెల్లి, ఎం.ఏ., పీహెచ్‌డీ, సంతకం పెండింగ్. ఇచ్చట కుక్కలకు క్రమశిక్షణ నేర్పబడును.'

ఆ పెండింగ్ సంతకం ప్రొఫెసర్ శశిభూషణ్ గారిది. 'ప్రజాస్వామ్యంలో ప్రశ్నించే హక్కు' అనే అంశం మీద ఆయన దగ్గర కొమురెల్లి ఎనిమిదేళ్లు పరిశోధన చేశాడు. ఆ ఎనిమిదేళ్లలో గైడుగారిని ఒక్క ప్రశ్నా అడగలేదు. పొద్దున డిపార్ట్‌మెంట్ ముందు కారాగగానే సారు బ్యాగ్ అందుకునేవాడు, సాయంత్రం మళ్లీ కార్లో పెట్టేవాడు, మధ్యలో గది బయట నిలబడేవాడు. థీసిస్ పూర్తయి ఏడాదిన్నర దాటింది. సారు బల్ల మీదే భద్రంగా ఉంది, ఫ్లాస్కు కింద.

ఇంతలో సారు పెంపుడు కుక్క, టీకి పిలిచిన రిజిస్ట్రార్ గారిని చూసి మొరిగింది. దాని పేరు డీన్. తనకు దక్కని పదవిని ఆయన అలా ఇంట్లో కట్టేసుకున్నారు.

"కొమురెల్లీ, దీన్ని కాస్త దార్లో పెట్టవయ్యా. పెట్టిన రోజు సంతకం పెట్టేస్తా" అన్నారు సారు. చదువుకున్నవాళ్లకు ఉపాధి లేదని గొడవ చేసేవారు ఈ సంగతి గమనించ ప్రార్థన.

కొమురెల్లి ఫోన్లో వీడియోలు చూసి, సారు ఇంటికెళ్లి, బిస్కెట్ పట్టుకుని 'సిట్' అన్నాడు. డీన్ కూర్చోలేదు. కానీ సారు వచ్చినప్పుడల్లా కొమురెల్లి దిగ్గున లేచి, తల వంచి, వెళ్లి బ్యాగ్ అందుకోవడం మాత్రం శ్రద్ధగా గమనించింది. మూడోవారం కొమురెల్లి కంటే ముందు అదే లేచింది. తల వంచింది. బ్యాగ్ నోట కరుచుకుని లోపలికి మోసింది. మొరగడం మానేసింది. తనకు ఎనిమిదేళ్లు పట్టిన విద్య దానికి ఇరవై రోజుల్లో వచ్చినందుకు కొమురెల్లికి గర్వంగా ఉంది, కాస్త కడుపుమంటగానూ ఉంది.

మర్నాడు పదకొండింటికి, సారు భార్య విశాలాక్షి గారు మేడ మీద వడియాలు పెడుతుండగా, ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డుతో ఒకాయన ఫ్లాట్‌లోకి వచ్చి వెండి సామానంతా బ్యాగులో సర్దుకున్నాడు. డీన్ లేచి నిలబడింది. ఆయన బయల్దేరితే బ్యాగ్ ఆటో దాకా మోసింది.

"అది మొరగలేదేవిటయ్యా?" అని నిలదీశారు విశాలాక్షి గారు.

"పెద్దోళ్లొస్తే మొరగొద్దని సారే చెప్పిన్రు మేడం."

"వచ్చినవాడు దొంగయ్యా."

"దొంగనో పెద్దమనిషో దానికెట్ల తెలుస్తది మేడం? నాకే తెల్వదు."

సారు సంతకం మాటెత్తలేదు. కానీ సీసీ కెమెరా వీడియో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. చూసినవాళ్ల కంటికి దొంగ ఆనలేదు. 'ఎంత సంస్కారం', 'మా టైగర్‌కీ నేర్పించాలి' అని అరవై మంది రాశారు. బోర్డు వెలిసింది అప్పుడే. అసోసియేషన్ వారు కమ్యూనిటీ హాల్లో కొమురెల్లికీ డీన్‌కీ సన్మానం కూడా పెట్టారు. ఆ వేదిక మీదే సంతకం చేస్తానని సారు ఒప్పుకున్నారు.

"క్రమశిక్షణే జాతికి వెన్నెముక" అని సారు ముప్పావుగంట ప్రసంగించారు. తర్వాత థీసిస్ తెరిచి, పెన్ను మూత తీశారు.

సరిగ్గా అప్పుడు ఇస్త్రీ చొక్కా, ఐడీ కార్డు, చేతిలో బ్యాగుతో ఒకాయన హాల్లోకి వచ్చాడు. డీన్ లేచి నిలబడింది. దాన్ని చూసి ముందు వరుస లేచింది. ముందు వరుసను చూసి హాలంతా లేచింది. సారు కూడా లేచి, పెన్ను అలాగే పట్టుకుని, తన పక్కన కుర్చీ వేయించారు.

కొమురెల్లి ఆయన్ని గుర్తుపట్టాడు. బ్యాగ్ పట్టడంలో డీన్ పొరపాట్లేమైనా చేసిందేమోనని ఆ వీడియో పద్నాలుగుసార్లు చూసినవాడు మరి. 'దొంగ' అన్న మాట నోటి దాకా వచ్చింది. సారు పెన్ను ఇంకా గాల్లోనే ఉంది. ఇప్పుడు దొంగ అంటే, లేచి కుర్చీ వేయించిన సారు పరువేం కావాలి, తన ఎనిమిదేళ్లేం కావాలి? సిగ్గుతో చెవులు కాలిపోతుండగా వెళ్లి ఆయన చేతిలో బ్యాగ్ అందుకున్నాడు.

"బాగున్నరా సార్" అన్నాడు.

సంతకం పడింది. చప్పట్లు మోగాయి. పెద్దమనిషికి శాలువా కప్పారు. ఆయన వెళ్లాక చూస్తే హాల్లో మైకు కూడా లేదు.

ఇప్పుడు బోర్డు మీద పేరుకు ముందు 'డాక్టర్' చేరింది. అడుగున 'కుక్కలకు మాత్రమే' అని కూడా రాయించాడు. మనుషుల్నెందుకు వదిలేశారని ఎవరైనా అడిగితే, వాళ్లకు నేర్పడానికి ఏమీ మిగల్లేదంటాడు. ఆ రోజు హాల్లో ఎవరికీ బిస్కెట్ చూపించాల్సిన పనే పడలేదు.