దుప్పటి కింద బూట్లు

ఆ ఆదివారం ఉదయం తుకిరాన్ చేయదలచిన పనులు మూడే: టీ తాగడం, బూట్ల తాళ్ళు బిగించడం, సుంబింగ్ కొండ ఎక్కడం. ఎనిమిది నెలల క్రితం అదే కొండ దిగుతూ కుడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. సెమరాంగ్ పట్నంలో చెల్లెలి ఇంట ఉండి, ఆపరేషను చేయించుకుని, మేడమెట్లు ఎక్కీ దిగీ ఎముకకు మళ్ళీ నడక నేర్పి, ముందురోజు రాత్రే ఇల్లు చేరాడు. కొండ ఎక్కవచ్చా అని అడిగితే డాక్టరు, "ఎక్కి చూడండి, కాలే చెబుతుంది" అన్నాడు. ఆ మాట అతనికి నిద్ర లేకుండా చేసింది. కొండ మొదట్లో పేర్లు రాసుకునే గేటు పన్నెండింటికి మూసేస్తారు. తోటివాళ్ళు ముగ్గురు అక్కడ ఎదురుచూస్తున్నారు.

ఎడమ బూటు అయింది. కుడి బూటు అయింది. వీధిలో చాలా చెప్పుల చప్పుడయింది.

భార్య సుమిరా కిటికీలోంచి చూసి వెనక్కి వచ్చింది. "పేట మొత్తం వస్తోందండీ, మిమ్మల్ని పరామర్శించడానికి."

"బాగానే ఉన్నానని చెప్పు."

"సెమరాంగ్ దాకా రాలేకపోయామని ఎనిమిది నెలలుగా నా దగ్గర నొచ్చుకుంటున్నారు. వాళ్ళ మొహం చూడకుండా కొండకి పోతున్నారని తెలిస్తే ఏమనుకుంటారు? ఒక్క పది నిమిషాలు పడుకోండి."

"బూట్లతోనా?"

"దుప్పటి ఉందిగా."

ఇరవై ఇద్దరు వచ్చారు. సలాక్ పళ్ళ బుట్ట వచ్చింది, పంచదార వచ్చింది, టీ పొడి వచ్చింది. పేట పెద్ద హర్సోనో మంచం అంచున కూర్చుని దుప్పటి మీదుగా ఆప్యాయంగా కాలు నిమిరాడు. చెయ్యి ఆగిపోయింది.

"రాయిలా ఉందే. ఇంకా కట్టు విప్పలేదా అన్నా?"

తుకిరాన్ భార్యకేసి చూశాడు. భార్య పళ్ళ బుట్టకేసి చూసింది.

"రెండో కాలికీ ఉంది," అన్నాడు హర్సోనో అదీ తడిమి, గొంతు తగ్గించి. "ఇది మాకు చెప్పనేలేదు వదినా."

"మీరంతా బాధపడతారని..." అంది సుమిరా.

అంతలో ఆలస్యమవుతోందని తోటివాళ్ళు ఫోను చేశారు. అది తుకిరాన్ జేబులో, దుప్పటి చాటున గజగజలాడింది.

"వణుకు కూడా మొదలైంది," అంది పక్కింటి పార్తినా కళ్ళు తుడుచుకుంటూ.

"నేను బాగానే ఉన్నాను," అన్నాడు తుకిరాన్. అందరూ తలలు దించుకున్నారు. బాగాలేనివాళ్ళే ఆ మాట అంటారని ఆ పేటలో అందరికీ తెలుసు.

హర్సోనో దువా చదివాడు. అది దీర్ఘమైన ప్రార్థన. అది ముగిసేసరికి పదిన్నర దాటింది. ఆ వెంటనే తీర్మానం జరిగింది. "డాక్టర్ల వల్ల కాలేదు. ఇక ఎముకలు సరిచేసే కార్జో తాతే దిక్కు."

పొగాకు బుట్టలు మోసే పికప్ బండి వచ్చింది. తుకిరాన్‌ను పరుపుతో సహా ఎత్తి అందులో పెట్టారు. బండిలో పట్టనివాళ్ళు మోటారుసైకిళ్ళు తీశారు.

"ఎక్కడికి?" అన్నాడు తుకిరాన్ నీరసంగా. ఆ నీరసం నటన కాదు.

"సుంబింగ్ మొదట్లోకే. గేటు పక్క ఇల్లు."

ఆ క్షణం నుంచి అతడు మహా ఓపికగల రోగి అయ్యాడు.

లోపల దించగానే కార్జో తాత దుప్పటి తీశాడు. తాళ్ళు బిగించిన బూట్లు రెండూ అందరికీ కనిపించాయి. తుకిరాన్ చెవులు ఎర్రబడ్డాయి. హర్సోనో నోరు తెరిచాడు.

వృద్ధుడు కుడి బూటు విప్పి, చీలమండను వేళ్ళతో నెమ్మదిగా చదివాడు. తుకిరాన్‌కు సిగ్గు పోయి భయం వచ్చింది. ఎనిమిది నెలల ప్రశ్న ఆ వేళ్ళ మధ్య ఉంది.

"నొప్పా?"

"లేదు తాతా."

"భయమా?"

తుకిరాన్ కాలికేసి చూసుకున్నాడు. "అది ఉంది."

"అతికినవాళ్ళు బాగానే అతికారు. నేను చేసేదేం లేదు," అన్నాడు తాత. "హర్సోనో, బూట్లు తొడిగించి తేవడం మంచి పని చేశావు. ఇక గేటుదాకా నడిపించు, పన్నెండు కావస్తోంది."

హర్సోనో నోరు మూసుకున్నాడు. ఆ బూట్లు తానే తొడిగించినట్టు అతనికి క్రమంగా గుర్తుకు వచ్చింది.

తుకిరాన్ బూటు మళ్ళీ బిగించుకుని, నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా పేరు రాయించి, ఎదురుచూస్తున్న ముగ్గురితో ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి ఎత్తులోనే చీలమండ సన్నగా గుచ్చింది. తుకిరాన్ ఆగి వెనక్కి చూశాడు. గేటు దగ్గర ఇరవై ఇద్దరూ, వాళ్ళ ముందు సుమిరా, ఊపిరి బిగబట్టి అతని కాళ్ళనే చూస్తున్నారు. అంతమంది ఎదుట కుంటుతూ నడిచే ధైర్యం అతనికి లేకపోయింది. అడుగు వేశాడు. కాలు ఆనింది. ఇంకో అడుగూ ఆనింది. వంపు దాటి కనుమరుగయ్యాడు.

ఆ సాయంత్రం పేటలో అందరి మాటా ఒక్కటే: వేళకు మనం వెళ్ళబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ మనిషి ఇంకా మంచం మీదే ఉండేవాడు.