ఎదురింటి ఫారం

స్వేచ్ఛ ఒంటికి మంచిది కాదండీ. ఊరికే అనడం లేదు, యాభై నాలుగేళ్లు అనుభవించి మరీ అంటున్నాను.

నిజం చెప్పండి, ఏం చేసుకున్నాం మనం దాంతో? ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లొచ్చు అన్నారు. వెళ్లానా? ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి. నోటికొచ్చింది మాట్లాడొచ్చు అన్నారు. మాట్లాడానా? మా ఆవిడ ఎదుట ఆ హక్కు పెళ్లయిన వారంలోనే వదులుకున్నాను. వాడని సామాను ఇంట్లో ఉంచుకుని దుమ్ము దులుపుకోవడమెందుకు? అడిగినవాళ్లకి ఇచ్చేస్తే పోలా!

అందుకే ప్రభుత్వంవారు అడగ్గానే ఇచ్చేశాను. రసీదు కూడా అడగలేదు.

ఎందుకు అడిగారో మీకు తెలుసు. పెద్ద బస్టాండులో, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి బాంబు పేలింది. పదిహేడు మంది పోయారు. మా ఆవిడ రోజూ బస్సెక్కేది అక్కడే, ఆ వేళకే. సంచీ కాడ తెగిందని, నాలుగు కుట్లు వేయించుకోడానికి చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగింది. అంతే తేడా. జుట్టు నిండా బూడిదతో, ఆ సంచీని గుండెకి అదుముకుని నడిచి ఇంటికొచ్చింది. ఆమెని గుమ్మంలో చూసి నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. కాబట్టి భద్రత గురించి నా దగ్గర వేళాకోళాలొద్దు. ఈ వ్యాసం అక్షరమక్షరం సీరియస్‌గా రాస్తున్నది.

ఇప్పుడు లాభాలు చూద్దాం.

మా ఆఫీసు గేటు దగ్గర ఓ గార్డు ఉన్నాడు. రోజూ పొద్దున్నే నన్ను చంకల నుంచి చీలమండల దాకా తడిమి చూస్తాడు. మొన్న ఏమన్నాడో తెలుసా? "సార్, ఈ మధ్య చిక్కిపోయారు. షుగరు చూపించుకోండి." చూపించుకున్నాను, ఉంది! మా డాక్టరు పదేళ్లలో ఒక్కసారైనా నన్ను ముట్టుకుని చూశాడా? ఎంతసేపూ రిపోర్టులు చూస్తాడు, కంప్యూటరు చూస్తాడు. మనిషిని చూసేది ఈ దేశంలో గార్డు ఒక్కడే.

గార్డు పక్కన ఓ రిజిస్టరు. పేరు, వచ్చిన టైము, వచ్చిన పని. పాతికేళ్లకి పైగా ఆ ఆఫీసుకి వెళ్తున్నాను, ఎందుకొచ్చావని ఇన్నాళ్లూ ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. మొదటిరోజు పెన్ను పట్టుకుని పావుగంట నిలబడిపోయాను. ఇంతకన్నా ఆత్మజ్ఞానం ఏ గురువు దగ్గర దొరుకుతుంది చెప్పండి!

బెల్టులు తీసి ట్రేలో పెట్టమంటారు. పెడతాం. రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని క్యూలో నడుస్తాం. రెండు చేతులతో ప్యాంటు పట్టుకున్న పౌరుడు ఎవరికైనా హాని చెయ్యగలడా? ఎదురు తిరగగలడా? కనీసం వేలెత్తి చూపగలడా? శాంతిభద్రతలకి ఇంతకంటే చవకైన మార్గం ఉంటే నాకు రాయండి.

వీధుల్లో చెత్తకుండీలన్నీ ఎత్తేశారు, బాంబులు పెడతారని. దాంతో అరటితొక్కలు, కాగితపు కప్పులు, చిత్తుకాగితాలు ఎవరివి వాళ్లు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఎంత కుటుంబభావం! మా ఆవిడ ఇన్నేళ్లు నా జేబులు వెతికినా ఏమీ కనిపెట్టలేకపోయింది. ఇప్పుడు నేనేం తిన్నానో, ఎక్కడ తిన్నానో, ఎవరితో తిన్నానో కూడా కనిపెట్టేస్తోంది.

ఇవన్నీ ఒక ఎత్తు. మా అపార్ట్‌మెంటులో వచ్చిన ఎదురింటి ఫారం ఒక్కటీ ఒక ఎత్తు.

ప్రతి శనివారం మా సెక్రటరీ తలుపు కింద నుంచి ఓ కాగితం తోస్తాడు. ప్రతి ఇంటివాళ్లూ ఎదురింటివాళ్ల గురించి రాయాలి. రెండే గడులు. "ఈ వారం గమనించిన విశేషాలు" ఒకటి. "మీ అనుమానం" రెండోది. ఆదివారం సాయంత్రానికి నింపి ఇచ్చెయ్యాలి, సోమవారం అవి స్టేషనుకి వెళ్తాయి. అడుగున లావు అక్షరాల్లో ఓ మాట ఉంటుంది: గడులు ఖాళీగా వదలరాదు.

అంతకుముందు మా అపార్ట్‌మెంటులో ఎవరు బతికున్నారో ఎవరు పోయారో ఎవరికీ పట్టేది కాదు. లిఫ్టులో అందరం నంబర్ల వంకే చూసేవాళ్లం. ఇప్పుడో? కళ్లలో వత్తులేసుకుని ఒకర్నొకరు చూసుకుంటున్నాం! రెండో అంతస్తులో ఆరేళ్లుగా మాటల్లేని రెండిళ్లవాళ్లు ఉన్నారు. ఒకరింట్లో దగ్గు మందు అయిపోతే రెండో ఇంటివాళ్లకి ముందు తెలుస్తోంది. మూడో అంతస్తు బామ్మగారు తలుపుకున్న అద్దపు కన్నానికి నుదురు ఆనించి ఆనించి అక్కడ గుండ్రటి మచ్చ తెచ్చుకున్నారు. ఇంజనీరుగారు మధ్యాహ్నం పూట ఇంటికొచ్చి గంటసేపు నిద్రపోయి మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాడన్న సంగతి ఆయన భార్యకి ఎదురింటి ఫారం వల్లే తెలిసింది. ప్రేమంటే ఇదే కదా, ఒకరి గురించి ఒకరికి ఇంత పట్టింపు ఉండటమే కదా?

నా వంతుకి వచ్చింది చెవుల మాస్టారు.

ఆయన మా ఎదురింటాయన. వినపడని వాళ్లు చెవిలో పెట్టుకునే మిషన్లు బాగుచేస్తాడు. ముందుగదిలో ఓ బల్ల, బల్ల మీద దీపం, కంటికి ఓ భూతద్దం. గోరంత బ్యాటరీలు, వెంట్రుకంత వైర్లు. నోట్లో నాలుక లేని మనిషి. పధ్నాలుగేళ్లుగా ఎదురెదురుగా ఉన్నాం, ఆయన గొంతు పెంచడం నేనెరగను.

అలాంటి మనిషి గురించి ఏం రాస్తాం? మొదటి వారం "విశేషాలు లేవు, అనుమానం లేదు" అని రాసిచ్చాను. వెనక్కొచ్చింది! ఎర్రసిరాతో సెక్రటరీ రాత: "వివరంగా రాయండి. విశేషాల్లేని ఇల్లు ఉండదు."

అయ్యా, నేను కాలమిస్టుని. పత్రికలో చేరి ఇరవై ఆరేళ్లయింది. తగ్గించండి, కత్తిరించండి, ఈ పేరా తీసెయ్యండి అనడమే తప్ప, ఇంకా రాయండి అని నన్ను ఏ ఎడిటరూ అడిగి ఎరగడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయంటే నమ్మండి.

ఇక విజృంభించాను. "ఎదురింటికి వచ్చేవాళ్లు గట్టిగట్టిగా అరుస్తూ వస్తారు. అరగంట తర్వాత మెల్లగా మాట్లాడుకుంటూ వెళ్లిపోతారు. ఈ మధ్యలో లోపల ఏం జరుగుతోంది?" అని ఓ వారం. "పగలు కూడా దీపం వేసుకుంటాడు" అని మరో వారం. సెక్రటరీ మెట్ల మీద ఆపి చెయ్యి కలిపాడు. "మీ ఫారం కోసం స్టేషన్లో ఎదురుచూస్తున్నారు సార్" అన్నాడు. ఏ రచయితకి చేదు చెప్పండి!

ఇరవయ్యో వారం రాసింది మాత్రం నా మాస్టర్‌పీసు. "మంగళవారం సాయంత్రం ఆరూ పదికి, ఎదురింటి తలుపు వెనక నుంచి సన్నని కీచుధ్వని మూడుసార్లు వినిపించింది. తర్వాత నిశ్శబ్దం."

ఆ "తర్వాత నిశ్శబ్దం" చూశారా! ఆ రెండు ముక్కల కోసం గంటసేపు కూర్చున్నాను.

సోమవారం జీపు వచ్చింది. నలుగురు దిగారు. చెవుల మాస్టారుని, ఆయన బల్ల మీది వైర్లని, బ్యాటరీల డబ్బాని, భూతద్దాన్ని తీసుకెళ్లారు. ఆయన చెప్పులేసుకుంటానంటే అక్కర్లేదన్నారు. ఆయన సరేనన్నాడు. అదంతా నేను తలుపు కన్నంలోంచి చూశాను. మా ఆవిడ నా వెనకే నిలబడి ఉంది.

"ఏమండీ, ఏం రాశారు మీరు?" అంది.

"ఉన్నదే రాశాను" అన్నాను.

ఆ పూట నుంచి నా కంచం ఆవిడ బల్ల మీద పెట్టదు, పడేస్తుంది. అయినా ఫరవాలేదు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మౌనం ఆరోగ్యానికి మంచిదట.

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఆయన ఇంకా స్టేషన్లోనే ఉన్నాడు. అడిగితే "విచారణ" అంటున్నారు. విచారణ అన్నాక టైము పడుతుంది మరి! తొందరపడితే దేశభద్రత ఏమవుతుంది?

నాలుగు రోజుల కిందట ఆయన భార్య మా ఇంటికొచ్చింది. చేతిలో ఓ తెల్లకాగితం, పెన్ను. నాకు కుడిపక్కకి వచ్చి నిలబడింది. ఎడమ చెవి నాకు సరిగా వినపడదని ఆవిడకి తెలుసు. అవునండీ, నా ఎడమ చెవిలోనూ ఓ మిషను ఉంది. ఇంతసేపూ మీకు చెప్పలేదా? కాలమిస్టు అన్నవాడు అన్నీ చెప్పెయ్యాలని రూలేం లేదు.

"అన్నయ్యగారూ, ఒక్క మాట రాసివ్వండి చాలు. ఆ చప్పుడు చెవి మిషనుదని. వాళ్లకి మేం చెప్తే నమ్మడం లేదు. మీరు రాస్తే వదిలేస్తామన్నారు" అంది.

చూశారా చిక్కు! ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంది, తప్పుడు సమాచారం ఇస్తే ఏడాది జైలని. పైగా, అనుమానితుడి తరఫున పూచీ పడ్డవాడు కూడా అనుమానితుడే అవుతాడు కదా? ఈ వయసులో, షుగరుతో, చెప్పులు లేకుండా నేను జీపెక్కగలనా? అయినా ఇవన్నీ సొంత సంగతులు. వీటికన్నా దేశం ముఖ్యం కాబట్టి ఆవిడకి దేశం గురించే చెప్పాను.

"చూడమ్మా, దేశం ప్రమాదంలో ఉన్నప్పుడు మనందరం కాస్త ఓర్చుకోవాలి. దేశానికి నేనేమని చెప్పను?"

"దేశానికి చెప్పమనడం లేదు అన్నయ్యగారూ. స్టేషన్లో ఆఫీసరుకి చెప్పమంటున్నా."

ఆలోచిస్తానన్నాను. అంతకంటే సేఫైన మాట ఇంకోటి లేదు, మీరూ వాడి చూడండి. ఆవిడ కాగితం టీపాయి మీద పెట్టి, గాలికి ఎగరకుండా పెన్ను దాని మీద ఉంచి వెళ్లిపోయింది. మా ఆవిడ ఆ కాగితాన్ని అక్కణ్ణుంచి తియ్యనివ్వడం లేదు. టీ గ్లాసు పక్కనే పెడుతోంది, కాగితానికి మరక తగలకుండా.

నిన్న సెక్రటరీ వచ్చాడు. "మన ఫారం గురించి పేపర్లో నాలుగు మంచి ముక్కలు రాయండి సార్. లామినేషన్ చేయించి లిఫ్టులో పెడదాం. మీ వల్లే కదా ఇంత పెద్ద కేసు దొరికింది!" అన్నాడు.

పొగడ్తకి ఒళ్లు పొంగింది. ఆ ఊపులో అడిగాను, ఎదురింటాయన నా గురించి ఏం రాసేవాడని. రచయితకి ఇలాంటి బలహీనతలు ఉంటాయి. సెక్రటరీ ఫైలు తెచ్చి చూపించాడు.

మొదటి ఫారంలో "అనుమానం లేదు". రెండో దాంట్లో అదే. మూడోదాంట్లో అదే. ప్రతిదాని మీదా ఎర్రసిరా: "వివరంగా రాయండి." ఆ ఎర్రసిరాకి పాపం చివరికి ఆయన కూడా లొంగాడు. తర్వాతి పదిహేడు ఫారాల్లోనూ ఒకటే వివరం, చీమల బారులాంటి ఆయన చేతిరాతతో:

"ఎదురింటాయనకి ఎడమ చెవి వినపడదు. గేటు దగ్గర వెనక నుంచి పిలిచినప్పుడు ఆగకపోతే పారిపోతున్నాడని అనుకోవద్దు. తొందరపడి ఏమీ చెయ్యొద్దు. మనిషి మంచివాడు. అనుమానం లేదు."

"చూశారా సార్!" అన్నాడు సెక్రటరీ, ఫైలు మూస్తూ. "ఇరవై వారాల్లో ఒక్కసారి కూడా ఎవర్నీ అనుమానించలేదు. ఇలాంటివాణ్ణే ముందు అనుమానించాలి."

నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. రాస్తానన్నాను.

సెక్రటరీగారూ, అడిగినట్టే రాశాను. బస్టాండులో పోయినట్టు మళ్లీ ఎక్కడా ఎవరూ పోకూడదు. దానికోసం బెల్టు తియ్యమంటే తీస్తాను, సంచీ విప్పమంటే విప్పుతాను, ఎందుకొచ్చావంటే ఏదో ఒకటి రాస్తాను. ఇందులో వెటకారం లేదు. లామినేషన్ చేయించేటప్పుడు మాత్రం, చోటు చాలలేదని కింది భాగం కత్తిరించకండి. స్టేషనుకి ఓ కాపీ పంపండి. చెల్లెమ్మ ఇచ్చిన తెల్లకాగితం మీద కూడా ఆ కింది భాగమే రాసి, సంతకం చేసి, మా ఆవిడ చేతికిచ్చాను. పంతొమ్మిది రోజుల తర్వాత నాతో మొదటిసారి మాట్లాడింది. "పదండి, నేనూ వస్తాను" అంది.

ఆ మంగళవారం ఆరూ పదికి మూడుసార్లు కీచుమన్నది నా చెవి మిషను. తలుపు వెనక నుంచి వినిపించిందని రాసింది అబద్ధం. నేను ఆ గదిలోనే ఉన్నాను, మాస్టారి ఎదురుగా స్టూలు మీద కూర్చుని. ఆయన మిషను బాగుచేసి, నా చెవిలో పెట్టి, "ఇప్పుడు వినపడుతోందా?" అని అడిగాడు.

వినపడుతోందన్నాను.