బ్రేక్ ఆఫీసులో పుట్టినరోజు

శ్రీవాసవి తడిగుడ్డతో వ్యాను అద్దం తుడుస్తోంది. కోయిలకుంట్ల దుమ్ముకు సెలవులుండవు. రాత్రి తుడిచినా తెల్లారేసరికి అద్దం మీద వేలితో పేరు రాసుకోవచ్చు. ఆ వ్యాను కొని మూడు నెలలైంది. నడిపేవాళ్లు లేక ఇంటిముందు నుంచి ఒక్క అడుగు కదలలేదు. రోజూ తుడవడం మాత్రం ఆమె వంతు. తుడిచాక ఒక్క నిమిషం డ్రైవరు సీట్లో కూర్చుంటుంది. కాలు క్లచ్ మీద ఆనించి, గేరు రాడ్డును కదపకుండా పట్టుకుని, మళ్లీ దిగిపోతుంది.

"నాయనా, నేను గుడక నేర్చుకుంటా" అని వ్యాను వచ్చిన రోజు అడిగింది.

"పెండ్లయినాంక మీ ఇంటాయన నేర్పిస్తాడులేమ్మా" అన్నాడు శివప్రసాద్.

ఆమె మళ్లీ అడగలేదు. తుడవడం మానలేదు.

శివప్రసాద్‌కు బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. అంగడి తాళం తీయడానికి కూడా టైము చూసే మనిషి. కొడుకు అజయ్‌కు డ్రైవింగు ఎప్పుడు నేర్పించాలో నెలల తరబడి ఆలోచించి, ఒక అట్టమీద గళ్లు గీసి గోడకు తగిలించాడు. ఇంటరు పరీక్షలు అయ్యేదాకా వద్దు. మే నెలలో అసలే వద్దు, స్టీరింగు పట్టుకుంటే చేతులు కాలతాయి. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు. శ్రావణంలో పెళ్లిళ్లు, అంగట్లో ఊపిరాడదు. ఆ తర్వాత కాలేజీ. ఇవన్నీ కొట్టేయగా జూన్ మొదటివారం ఒక్కటే మిగిలింది. మంగళవారం కర్నూలు వెళ్లి లెర్నింగు లైసెన్సు తెచ్చుకోవడం, బుధవారం ఉదయం ఐదున్నరకు డ్రైవింగు స్కూలు హనుమన్న కారు తీసుకుని రావడం. అన్నిటికీ పైన ఎర్రసిరాతో ఒక షరతు: పద్దెనిమిది నిండాకే. చట్టం తప్పే మనిషి కాదు ఆయన.

ఆ మంగళవారం ముగ్గురూ కర్నూలు బస్సెక్కారు. అన్నాచెల్లెళ్లిద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే తరగతి. డిగ్రీ అప్లికేషన్లు కూడా అదే రోజు ఇచ్చేయాలని శివప్రసాద్ ఇద్దరి సర్టిఫికెట్లూ ఫోటోలూ ఒకే ఫైల్లో పెట్టాడు. బస్సులో శ్రీవాసవి అన్నకు ట్రాఫిక్ గుర్తుల పుస్తకం అప్పజెప్పించింది.

"ఎర్ర గుండ్రంలో తెల్ల అడ్డగీత?"

"జ్వరం మాత్ర?"

"లోపలికి పోగూడదని."

"ఆ బోర్డు లోపలికి పోయినాంక గదా కనపడేది" అన్నాడు అజయ్. కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

లైసెన్సులిచ్చే బ్రేక్ ఆఫీసు కౌంటరులో గుమాస్తా అజయ్ పదో తరగతి మార్కుల కాగితం చూశాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"ఏం శెట్టీ, పిల్లోనికి ఇంగా ఐదు నెల్లుండాది గదప్పా. నవంబరు పది, ఎనభై ఎనిమిది."

"ఎనభై ఏడు సార్! పోయిన నవంబరుకే పద్దెనిమిది నిండినాయి!"

"నీకు నిండినాయి. కాగితానికి నిండల్యా."

అప్పుడు గుర్తొచ్చింది శివప్రసాద్‌కు. పన్నెండేళ్ల కిందట బడిలో చేర్చేటప్పుడు, "ఒక ఏడాది తగ్గించి రాయండి సార్, గవర్నమెంటు ఉద్యోగమొస్తే ఒక ఏడాది ఎక్కువ చేసుకుంటాడు" అని హెడ్‌మాస్టరును బతిమాలింది తనే. కొడుకు ఉద్యోగం చివర్న ఇంకో ఏడాది పనిచేయడం గురించి ఆయన ఆలోచించాడు గానీ, మధ్యలో వ్యాను ఒకటి వస్తుందని అప్పట్లో ఆయన చార్టులో లేదు.

ఆ కాగితం చూడబోయి ముందుకు వంగితే ఫైలు జారింది. గుమాస్తా ముందు ఇంకో మార్కుల కాగితం పడింది.

"ఇదెవురిది? జూన్ ఒకటి, ఎనభై ఎనిమిది. ఈ పాపకు ఐదు దినాల కిందనే నిండినాయే! ఈ పాప పిల్లోని అక్కనా?"

"చెల్లెలు సార్."

గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. పన్నెండేళ్లలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆయనే. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఇద్దరికీ మధ్య ఐదు నెలలు. గొంతు తగ్గించి అడిగాడు.

"శెట్టీ, తల్లి ఒగతేనా?"

శివప్రసాద్ రెండు కాగితాల మీదా చెయ్యి అడ్డం పెట్టాడు. శ్రీవాసవి నిజంగా పుట్టింది ఎనభై తొమ్మిది సెప్టెంబరులో. బడిలో వేసినప్పుడు ఐదు నిండలేదు. అన్నతో కలిసి పోతుందని, పెంచి రాయమన్నది కూడా తనే. "ఐదని రాస్తే ఇంత చిన్నపిల్ల ఏందని అనుమానపడతారు. ఆరని రాస్తే, పాపం ఎదగలేదనుకుంటారు" అని హెడ్‌మాస్టరు ఆరు రాశాడు. ఇప్పుడు గవర్నమెంటు ఆఫీసులో నిలబడి గవర్నమెంటు కాగితాల్లో అబద్ధాలు రాయించానని ఎలా చెప్పడం? కేసు అవుతుందేమో.

"ఇంట్లో మాట్లాడి చెప్తా సార్" అన్నాడు.

వెనక వరసలో ట్రాక్టరు లైసెన్సు కోసం నిలబడిన నరసన్న, శివప్రసాద్ పక్కింటాయన, ఆ జవాబు విన్నాడు. విని, సెల్‌ఫోను తీసి, వరస వదిలేసి బయటికి వెళ్లాడు. ఇంటికి ఫోను చేయడానికి వరసలో చోటు వదులుకున్నాడంటే సంగతి ఎంత పెద్దదో ఆయనకు అర్థమైందన్నమాట.

శివప్రసాద్ బయట బల్లమీద కూలబడ్డాడు. అజయ్ సోడా కోసం పరుగెత్తాడు. శ్రీవాసవి కిందపడిన కాగితాలు ఏరుకుంటూ కౌంటరు దగ్గరే ఆగిపోయింది. చాలాసేపు ఆగిపోయింది. ఎందుకని అడిగే స్థితిలో ఎవరూ లేరు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాకిట్లో పాతిక జతల చెప్పులు. వ్యాను పక్కన పత్తికొండ టమోటా లారీ, ఖాళీ డబ్బాలతో సహా. 

"ఎవురు పోయినారప్పా?" అని అరుస్తూ శివప్రసాద్ లోపలికి పరుగెత్తాడు.

ఎవరూ పోలేదు. ఆయన భార్య ఉరుకుందమ్మ చాపమీద కూర్చునుంది. నరసన్న భార్య పుల్లమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లు తుడుచుకుంటోంది.

"ఎంత ఓర్పమ్మా నీది! కర్నూల్లో ఉండే ఇంగొకతె బిడ్డను ఇన్నేండ్లు కడుపులో పెట్టుకుని సాకినావు!"

"అక్కా, ఇద్దర్నీ నేనే కన్నా! పొద్దున్నించి చెప్తాండా!"

"చూసినారా? ఇప్పుడు గుడక అదే మాట. దేవత!" అంది పుల్లమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు.

గోడవారగా పత్తికొండ నుంచి వచ్చిన ఉరుకుందమ్మ అన్న గోవిందయ్య, ఆయన మనుషులు ఆరుగురు కూర్చున్నారు. అజయ్, శ్రీవాసవి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"రా బావా" అన్నాడు గోవిందయ్య. "నేను కోపం మనిషిని కాదు, లెక్క మనిషిని. లెక్క చెప్తా, తప్పుంటే చెప్పు. అజయ్ పత్తికొండలో మా ఇంట్లో పుట్టినాడు. నేను వాకిట్లోనే నిలబడుండా. కాబట్టి వాడు మావాడే. మిగిలింది ఈ పిల్ల. అది ఈడ పుట్టింది, మేం చూడల్యా. కానీ గవర్నమెంటు కాగితంలో ఈ పిల్ల పెద్దది. అంటే కర్నూలు ఆయమ్మ ముందు, నా చెల్లెలు తర్వాత. అంటే..."

తన లెక్క ఎక్కడికి చేరిందో అప్పుడే తెలిసి, గోవిందయ్య గోడకు చేరగిలబడ్డాడు.

"అంటే నా చెల్లెలు రెండో పెండ్లామా!"

పొద్దుటినుంచి విసుక్కుంటూ కూర్చున్న ఉరుకుందమ్మ మొదటిసారి తల తిప్పి గోడమీది అట్ట చూసింది. అందులో డ్రైవింగు గళ్ల కింద ఎప్పటినుంచో ఉన్న వరస: ప్రతి మంగళవారం, కర్నూలు.

"ఇరవై ఏండ్లనించి ప్రతి మంగళారం యాడికి పోతాండావు?"

"సరుక్కే! యాడికి పోతాను?"

"వచ్చేటప్పుడు మల్లెపూలెందుకు తెస్తాండావు?"

"నీకే గదా!"

"నాకు ఒక మూర. కొనింది ఎన్ని మూరలు?"

ఇద్దరు పిల్లల్నీ తానే కన్నదన్న సంగతి ఆమె ఆ క్షణంలో పూర్తిగా మరిచిపోయింది. ఆడవాళ్లు కొంగుల చాటునుంచి శ్రీవాసవిని జాలిగా చూశారు. ఎవరో ఆమె చేతిలో అరటిపండు పెట్టారు.

శివప్రసాద్ ఇక దాచలేదు. చేతులు జోడించి, పన్నెండేళ్ల నాటి రెండు అబద్ధాలూ వరసగా ఒప్పుకున్నాడు. ఎవరూ నమ్మలేదు.

"బావా, చెప్తే నమ్మేటట్లుండాల" అన్నాడు గోవిందయ్య. "కొడుకు వయసు తగ్గించినావు, సరే, లోకమంతా చేసేదే. ఆడపిల్ల వయసు పెంచి రాయించిన నాయన ఈ భూమ్మీద ఉండాడా?"

ఉన్నాడు, వాళ్ల ఎదురుగానే నిలబడి ఉన్నాడు. కానీ ఆ మాట ఆయనకే అబద్ధంలా వినిపించింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఏసుమణి లోపలికి వచ్చింది. ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరై, ఆ వీధి చివర్నే ఉంటోంది.

"ఏందప్పా ఈ రచ్చ? ఈ పిల్లను బయటికి తీసింది నేను. వినాయకచవితి ముందునాడు. కరెంటు ల్యాదు. నొప్పులకు తట్టుకోలేక ఈ యమ్మ నన్ను కొరికింది." ఏసుమణి గాజులు పైకి లాగి మణికట్టు చాపింది. నెలవంకలాగా తెల్లటి మచ్చ. "అనుమానముంటే పండ్లు కొలుచుకోండి!"

అందరూ వంగి మచ్చ చూశారు. తర్వాత ఉరుకుందమ్మ నోరు చూశారు. ఆమె గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది.

"నొప్పిగా ఉండాదా సిస్టరూ?" అంది సిగ్గుపడుతూ.

"పదహారేండ్లకు అడిగినావు" అంది ఏసుమణి.

గోవిందయ్య లేచి బావను కౌగిలించుకున్నాడు. పుల్లమ్మ కళ్లు తుడుచుకుని, కొంచెం నిరాశగా, ఇంటికి పోయి ఫోనులో నరసన్నను తిట్టింది. పత్తికొండవాళ్లకు ఉరుకుందమ్మ ఉగ్గాని చేసి పెట్టింది. వాళ్లు తిని అక్కడే వరసగా పడుకున్నారు. మర్నాడు మాట్లాడుకునేదేదైనా ఉందంటే, వ్యాను ఇంకో ఐదు నెలలు అలాగే ఉంటుందన్న సంగతి ఒక్కటే.

బుధవారం తెల్లవారుజామున శివప్రసాద్ స్కేలు, పెన్సిలు పట్టుకుని అట్ట ముందు నిలబడ్డాడు. నవంబరులో కార్తీకమాసం, మంచిదే. శ్రీవాసవి వాకిట్లో అద్దం తుడుస్తోంది. సరిగ్గా ఐదున్నరకు వీధి మలుపులో హారను మోగింది.

"అయ్యో, హనుమన్నకు రావద్దని చెప్పనే ల్యా!" అన్నాడు శివప్రసాద్. "ఒరే అజయ్, పోయి చెప్పు, ఎవురూ ల్యారని."

"ల్యారు" అన్నాడు అజయ్, దుప్పట్లోంచే.

శ్రీవాసవి లోపలికి వచ్చింది. చేతులు తుడుచుకుని, ఫైల్లోంచి ఒక మడత కాగితం తీసి అట్ట మీద తండ్రి పెన్సిలు కింద ఆనించి పట్టింది. లెర్నింగు లైసెన్సు. మూలన గుండ్రని ముద్ర. డిగ్రీ అప్లికేషనుకు తీయించిన ఫోటో. పక్కన పేరు, పుట్టిన తేదీ: 1-6-1988. నిన్న సోడా తాగేంత సేపట్లో గుమాస్తా అడిగిన గుర్తులన్నీ ఆమె చెప్పేసింది.

శివప్రసాద్ దాన్ని రెండుసార్లు చదివాడు. ఇది అబద్ధమనడానికి ఆయనకు ఒక్కటే దారి ఉంది, రాయించింది నేనే అని మళ్లీ ఒప్పుకోవడం.

హారను మళ్లీ మోగింది. శ్రీవాసవి కాగితం మడిచి తీసుకుంది. తడిగుడ్డ అన్న దుప్పటి మీద పెట్టింది. మేనమామ కాళ్లు దాటి, వాకిలి దాటి, హనుమన్న కారు వైపు వెళ్లిపోయింది.

చట్టం తప్పే మనిషి కాదు కనుక, శివప్రసాద్ రబ్బరు తీసుకుని అజయ్ పేరు చెరిపాడు.